గుర్రానికి పదికి తొమ్మిది మార్కులు

గుర్రప్పందేల మాటెత్తితే మన ఆడవాళ్లలో చాలామంది మొహం తిప్పేసుకుంటారు. తాగుడు, పేకాట, గుర్రాలు - మూడింటినీ ఒకే గాటన కట్టేసి "మా ఇంటా వంటా లేదండీ ఆ గొడవ" అనేస్తాం. అనెయ్యడం తేలికే. కానీ ఇంట్లో మనిషి పొద్దున్నే కళ్లజోడు తగిలించుకుని, పెన్సిలు చెక్కుకుని, గుర్రాలకి ఎవరో వేసిన మార్కుల్ని కూడుకుంటూ తీసేసుకుంటూ కూర్చుంటే, ఆ మార్కులేమిటో, వాటివల్ల ఏం తేలుతుందో మనకీ తెలియాలి కదా! తెలియకుండా వద్దంటే వింటారా ఎవరైనా? అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. పందేలు ఆడమని కాదు సుమా!

1991లో మా పెళ్లయ్యాక మేం కాపురం పెట్టింది హైదరాబాదులో, మలక్‌పేటలో. రేసుకోర్సు మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలీ నుంచి ఈ పందేల్ని మలక్‌పేటకి తెచ్చారట. జులై నుంచి అక్టోబరు దాకా వానాకాలం సీజను, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలం సీజను. అంటే ఏడాదిలో ఎనిమిది నెలలు మా వీధిలో చంకన పుస్తకం పెట్టుకుని గబగబా వెళ్లే మగవాళ్లూ, సాయంత్రం అదే పుస్తకాన్ని గొట్టంలా చుట్టుకుని కాళ్లీడ్చుకుంటూ వచ్చే మగవాళ్లూ కనిపిస్తూనే ఉంటారు. వెళ్లేటప్పటి నడకకీ, వచ్చేటప్పటి నడకకీ తేడా చూసి ఆరోజు ఏమయిందో చెప్పెయ్యొచ్చు.

మా వారు ఉద్యోగం చేసినన్నాళ్లూ నెలకి ఒకటి రెండుసార్లు వెళ్లేవారు. జేబులో 200 ఉంటే 200. పోతే పోయింది, వస్తే పిల్లలకి ఐస్‌క్రీమ్ వచ్చేది. సినిమాకి వెళ్తే మాత్రం ఖర్చవదూ అని నేనూ రభస చెయ్యలేదు. 2021లో రిటైరయ్యాక అసలు కథ మొదలైంది. పొద్దంతా తీరికే. దానికితోడు ఎవరో స్నేహితుడు ఒక పుస్తకం అలవాటు చేశాడు. అందులో ప్రతి గుర్రానికీ ఫిట్‌నెస్ రేటింగని పదికి ఇన్ని మార్కులు వేసి ఉంటాయి. మా శ్రీవారికి లెక్కలంటే మొదటినుంచీ మోజు. ఇంకేం, ఆ మార్కులన్నీ గళ్ల పుస్తకంలోకి ఎక్కించడం, నాలుగు రంగుల పెన్నులతో గీతలు గియ్యడం!

"ఇది జూదం కాదోయ్, నైపుణ్యం. సుప్రీంకోర్టే చెప్పింది" అనేవారు. ఆ మాట నిజమే. 1996లో తమిళనాడుకి సంబంధించిన కేసులో గుర్రప్పందేలు నైపుణ్యంతో కూడిన ఆట అనే తీర్పిచ్చారు. "వంటకీ నైపుణ్యం కావాలి కదండీ, అంతమాత్రాన హోటలు పెట్టినవాళ్లందరికీ లాభం వస్తుందని కోర్టు రాసిచ్చిందా?" అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

నవ్వి ఊరుకోలేని రోజు 2022 జూన్‌లో వచ్చింది. మా ఇద్దరి పేరుమీదా బ్యాంకులో 2 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది. ఇద్దరూ సంతకం పెడితేగానీ తీయడానికి లేదు. దాన్ని తీసి వానాకాలం సీజనులో "పద్ధతి ప్రకారం" ఆడతానన్నారు. ఫిట్‌నెస్ మార్కుల్లో అందరికంటే పైనున్న గుర్రాన్ని ప్రతి పందెంలో పట్టుకోవడం, జాక్‌పాట్ కూడా వెయ్యడం - ఇదీ పద్ధతి. కాగితం, పెన్నూ తెచ్చి నా ముందు పెట్టారు.

అప్పుడు నేను ఏడవలేదు, అరవలేదు. "పెడతాను. కానీ కొత్త పచ్చడి పదిమందికి వడ్డించే ముందు చిన్న గిన్నెలో కలిపి రుచి చూస్తాం కదా. ఈ సీజనంతా కాగితం మీద ఆడండి. ప్రతి పందేనికీ 100 రూపాయలు పెట్టినట్టు రాద్దాం. దసరానాటికి లాభం కనిపిస్తే నోరెత్తకుండా సంతకం చేస్తాను" అన్నాను. లెక్కల మనిషి కాబట్టి లెక్కకి కాదనలేకపోయారు. పాల పద్దు రాసే పుస్తకంలోనే వెనక పేజీలు ఇచ్చాను. ఆ నాలుగు నెలలూ చేతి ఖర్చుకని ఇచ్చే డబ్బు తప్ప నిజం డబ్బు పెట్టకూడదని ఒట్టు.

ఇంతకీ ఈ రేటింగ్ అనే మాట రెండు రకాలు. ఆ తేడా తెలియకపోతే ఆ పుస్తకం మొదటి పేజీ దగ్గరే ఆగిపోతాం. ఒకటి, హ్యాండికాపర్ అనే ఆయన ఇచ్చేది. గుర్రం ఇదివరకటి పరుగులు చూసి దాని తాహతుకి ఒక అంకె వేస్తారు. గెలిస్తే పెంచుతారు, వరసగా ఓడుతూ ఉంటే తగ్గిస్తారు. ఆ అంకెనిబట్టి గుర్రం వీపుమీద బరువు. ఒక్క అంకె ఎక్కువైతే సుమారు అరకిలో బరువెక్కువ. జాకీ తేలిగ్గా ఉంటే జీనులో సీసపు బిళ్లలు పెట్టి మరీ సరిచేస్తారు. ఉమ్మడి కుటుంబంలో గట్టి కోడలికి పెద్ద బిందె, పీల కోడలికి చెంబు ఇచ్చి, ఇద్దరూ ఒకేసారి గుమ్మంలోకి రావాలన్నట్టు! కాబట్టి ఈ అంకె ఎక్కువున్నంత మాత్రాన గుర్రం గెలుస్తుందని కాదు. దాని గొప్పతనానికి బరువు రూపంలో ముందే సుంకం కట్టేసినట్టు.

రెండోది ఫిట్‌నెస్. ఇది తాహతు కాదు, ఈ వారం ఒంట్లో ఎలా ఉందన్న సంగతి. మా పిన్ని పెళ్లి వంటలు ఒంటిచేత్తో చెయ్యగలదు. కానీ నిన్నటిదాకా జ్వరంతో పడుకుని లేస్తే ఇవాళ చారు కాచడం కూడా కష్టమే కదా. గుర్రమూ అంతే. మూడు నాలుగు నెలలు విశ్రాంతి తీసుకుని వచ్చిన మంచి గుర్రం మొదటి పరుగులో చతికిలబడడం మామూలే. దాని గుండె నిలకడగా ఉన్నప్పుడు నిమిషానికి ముప్పై నలభైసార్లే కొట్టుకుంటుంది, పందెంలో 200 దాటిపోతుంది. ఇంకో చిత్రం, గుర్రం తన ప్లీహంలో ఎర్ర రక్తకణాలు దాచుకుని పరుగెత్తేటప్పుడు రక్తంలోకి వదులుతుంది. మనం పోపుల డబ్బాలో డబ్బు దాచుకున్నట్టు! ఇంత యంత్రాంగం సరిగ్గా పనిచెయ్యాలంటే వారాల తరబడి సాధన కావాలి. దమ్ము తొందరగానే వస్తుంది, ఎముకలూ, కండరాల్ని ఎముకలకి పట్టి ఉంచే తాళ్లూ గట్టిపడడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతుంది.

మరి ఈ మార్కులు ఎవరు, ఎలా వేస్తారు? తెల్లవారుజామున గుర్రాల్ని దౌడు తీయించేటప్పుడు స్టాప్‌వాచీలు పట్టుకుని చూసేవాళ్లుంటారు. 600 మీటర్లు 45 సెకన్లు, 800 మీటర్లు ఒక నిమిషం - ఇలా రాసి, పక్కన ఒక మాట చేరుస్తారు. ఈజీ అని, మూవ్డ్ వెల్ అని, అర్జ్‌డ్ అని. ఇంగ్లీషు దినపత్రికల్లో కూడా వేస్తుంటారు. ఆ పక్కనున్న మాటే ముఖ్యమని మా వారు నాకు నేర్పారు. ఒక గుర్రం 45 సెకన్లలో నవ్వుతూ వచ్చింది, ఇంకోటి 43 సెకన్లలో కర్ర చూపిస్తే వచ్చింది. మొదటిదే ఫిట్. పైన కూర్చున్నది బరువైన పనివాడా, తేలికైన జాకీనా, పరుగెత్తింది ఇసుక దారిలో లోపలి వైపా బయటి వైపా, ముందురోజు వానపడిందా - ఇవన్నీ చూడాలి. మాక్ రేసులని ఉత్తుత్తి పందేలు కూడా పెడతారు. ఇవన్నీ కలిపి పుస్తకం వేసేవాళ్లు తమకి తోచినట్టు పదికి ఏడో తొమ్మిదో వేస్తారు. ఆ మార్కు దేవుడు వేసింది కాదు. పొద్దున్నే చలిలో నిలబడి చూసిన ఒక మనిషి అభిప్రాయం, అంతే.

ఒకరోజు నేనూ వెళ్లాను. పందేనికి ముందు గుర్రాల్ని ప్యాడక్‌లో గుండ్రంగా తిప్పుతారు. కంచె ఇవతల నుంచి ఎవరైనా చూడొచ్చు. నాకు అంత బాగున్న చోటు అదే. పట్టుచీరలా మెరిసే ఒళ్లు, కదిలితే పిర్రల మీద కండ తేలుతోంది. పక్కటెముకలు లీలగా కనిపిస్తే మంచిదట, పొట్ట జారి ఉంటే ఇంకా సాధన చాలలేదని అర్థమట. మెడమీదా, వెనకకాళ్ల మధ్యా నురగలు కక్కేలా చెమట పడితే కంగారుపడుతోందని. పంటి బిగువున నడిపిస్తే కాదు, కాళ్లు చాచి తీరుబడిగా నడవాలి. ఇద్దరు పిల్లల్ని పెంచినదాన్ని, పిల్ల నడక చూసి బడికి వెళ్లగలదో లేదో చెప్పగలిగిన నాకు ఇదేమంత కొత్తగా అనిపించలేదు. "నాలుగో నంబరు నీరసంగా ఉందండీ" అన్నాను. పుస్తకంలో దానికి తొమ్మిది మార్కులు! అది ఆరోదిగా వచ్చింది. ఆ ఒక్కదాన్నీ చూసుకుని నాకేదో విద్య వచ్చేసిందని చెప్పను, తర్వాతి రెండు పందేల్లో నాకు నచ్చినవి కూడా వెనకపడ్డాయి.

సరే, లెక్క సంగతికి వద్దాం. నేను పుస్తకంలో మూడు గళ్లు గీయించాను. ఫిట్‌నెస్‌లో పై మార్కు వచ్చిన గుర్రం పేరు ఒక గడి. అది ఏ స్థానంలో వచ్చిందో ఇంకో గడి. మా వారు ఈ రెండు చాలన్నారు. నేను మూడోది కావాలన్నాను - గెలిస్తే 100కి ఎంత ఇస్తున్నారు అన్నది. ఆ మూడో గడే మా 2 లక్షల్ని కాపాడింది.

రెండు నెలలు గడిచేసరికి ఒక వింత కనిపించింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. పై మార్కు గుర్రాలు మిగతావాటికంటే ఎక్కువసార్లే గెలిచాయి. ఇంచుమించు మూడు పందేలకి ఒకటి. మా వారి మొహం వెలిగిపోయేది. అయినా మూడో గడి కూడి చూస్తే డబ్బు తరుగుతూనే ఉంది! "మార్కులు సరైనవే, గుర్రాలు గెలుస్తున్నాయి, మరి డబ్బెక్కడికి పోతోందోయ్?" అని ఆయనే అడిగారు.

ఎక్కడికి పోతుందంటే, ఆ పుస్తకం మా వారొక్కరే కొనుక్కోలేదు కదా! అదే తొమ్మిది మార్కులు వేలమంది చూశారు. అందరూ అదే గుర్రం మీద పెట్టారు. టోట్ అనే పద్ధతిలో ఒక పందెం మీద అందరూ పెట్టిన డబ్బూ ఒక కుప్ప పోస్తారు, అందులోంచి పన్నూ కమీషనూ ముందు తీసేస్తారు, మిగిలింది గెలిచిన టిక్కెట్లవాళ్లకి పంచుతారు. గెలిచే గుర్రం మీద జనం ఎక్కువుంటే ఒక్కొక్కరికీ వచ్చేది తక్కువ. బుక్‌మేకర్ దగ్గరైనా అంతే, జనం ఎగబడిన కొద్దీ ధర దిగ్గోస్తాడు. మన చిట్టీలో చిట్టీ నడిపేవాడి కమీషన్ పోయాకే కదా మిగిలింది పంచుకునేది. చిట్టీలో ఉన్న ఇరవైమందీ ఎంత తెలివైనవాళ్లైనా, అందరూ కలిసి కట్టినదానికంటే ఎక్కువ తెచ్చుకోలేరు.

ఒక చిన్న లెక్క చెప్తాను. పై మార్కు గుర్రం పదిసార్లలో మూడుసార్లు గెలుస్తుందనుకుందాం. సారికి 100 చొప్పున పదిసార్లకి 1000 పెట్టాం. గెలిచినప్పుడల్లా 280 చేతికొస్తే మూడుసార్లకి 840. 160 నష్టం. అదే గుర్రం, అదే ఫిట్‌నెస్, కానీ జనం దాన్ని పట్టించుకోక 400 ఇచ్చేటట్టయితే 1200. 200 లాభం. అంటే గుర్రం బాగుందా అన్నది సగం ప్రశ్నే. ఆ బాగుకి తగ్గ ధర ఇస్తున్నారా అన్నది మిగతా సగం. బంగినపల్లి మామిడి మంచిదని మనకి తెలుసు, బండివాడికీ తెలుసు. మంచిదే కదా అని ఏ ధర చెప్తే ఆ ధరకి కొంటామా?

జాక్‌పాట్ సంగతి ఇంకా దారుణం. వరసగా ఐదు పందేల్లో గెలిచే గుర్రాల్ని చెప్పాలి. ఒక్కొక్కటీ మూడింట ఒకసారి గెలిచేదే అనుకున్నా, ఐదూ కలిసిరావడం 243 సార్లలో ఒక్కసారి. ఇది రాసి చూపించాక ఆయన పుస్తకంలో జాక్‌పాట్ గడి కొట్టేశారు.

బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి ఈ సంగతి ఫోనులో చెప్తే వాడొక కథ చెప్పాడు. బిల్ బెంటర్ అనే అమెరికా ఆయన 1980లలో హాంకాంగ్ వెళ్లి, గుర్రాల ఫామూ, బరువూ, పోయిన పందెం అయి ఎన్నాళ్లయిందన్నదీ, ఇంకా ఎన్నో విషయాలు కంప్యూటర్లోకి ఎక్కించి అంచనాలు కట్టాడట. మొదట్లో డబ్బు పోగొట్టుకున్నాడట కూడా. తర్వాత కోట్లు సంపాదించాడు. 1994లో తన పద్ధతి మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో పెద్ద విషయం ఏమిటంటే, ఎంత మంచి అంచనా అయినా ఒక్కదాన్నే నమ్మితే చాలదు, జనం కట్టిన ధరని కూడా అందులో కలుపుకోవాలి, ఎందుకంటే మన కాగితం మీద లేని సంగతులు కూడా ఆ ధరలో ఉంటాయి అని. "నాన్నా, అంత కంప్యూటర్ పెట్టుకున్నాయనే మూడో గడి గీసుకున్నాడు. అమ్మ చెప్పింది అదే కదా" అన్నాడు వాడు. మా వారు "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" కోసం నేను ముప్పై ఏళ్లు కాపురం చేశాను!

అయితే ఫిట్‌నెస్ మార్కులు దండగా అంటే, కాదు. సగం సీజను దాటాక మా వారే ఒక మంచి సంగతి పట్టుకున్నారు. ఆ మార్కులు గెలిచేదాన్ని ఎంచుకోవడానికి కంటే, గెలవనిదాన్ని ఏరి పారెయ్యడానికి బాగా పనికొస్తాయి. పేరున్న గుర్రం, పోయిన సీజనులో గొప్పగా గెలిచింది, జనమంతా దాని వెంటే. కానీ చాలాకాలం విశ్రాంతి తర్వాత వస్తోంది, పొద్దుటి పరుగులు రెండో మూడో తప్ప లేవు, ఆ రెండూ కూడా తోలితే వచ్చినవే. అలాంటిదాన్ని జనం పేరు చూసి కొంటారు. దాన్ని పక్కన పెట్టొచ్చు. చేటలో బియ్యం పోసుకుని మంచి గింజ కోసం వెతుకుతామా? రాయి కోసం వెతుకుతాం. ఇదీ అదే. కానీ ఇలా ఏరితే ఎక్కువ పందేల్లో ఏమీ తేలదు. "ఇవాళ వదిలెయ్" అనే వస్తుంది. వదిలెయ్యడం మగవాళ్లకి మహా కష్టం. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లాక చేతులు ముడుచుకుని కూర్చోవడమంటే పెళ్లికి వెళ్లి భోంచెయ్యకుండా రావడంలా ఉంటుందిట.

దసరా వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 5. ముందురోజు రాత్రి పద్దు పుస్తకం మొత్తం ఆయనే కూడారు. నేను పక్కన బొబ్బట్లకి పూర్ణం ఉడికిస్తున్నాను, అటు చూడలేదు. కాగితం మీద పెట్టిన ప్రతి 100కి 80 చిల్లర మిగిలింది. ఆ లెక్కన 2 లక్షలు పెట్టి ఆడుంటే ఒక్క విడతకే 35 వేలకి పైగా పోయేవి. గెలిచిన డబ్బే మళ్లీ తిప్పి పెట్టేవారు కాబట్టి ఇంకా ఎక్కువే పోయి ఉండేవేమో. పుస్తకం మూసి గూట్లో పెట్టారు. రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నేనూ కదపలేదు. మూడోనాడు కాఫీ తాగుతూ "ఆ డిపాజిట్ రెన్యూ చేయించాలి, ఆధార్ కార్డు తియ్యి" అన్నారు.

ఆ డబ్బు 2024లో అవసరానికి వచ్చింది. ఆయన రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు ప్యాడక్‌లో గుర్రం వెంట్రుక కూడా కనిపిస్తోందంటారు.

ఆట మానలేదు. మానమని నేను అనలేదు కూడా. నెలకి 1000 రూపాయలు విడిగా ఒక కవర్లో పెడతాను. అయిపోతే ఆ నెలకి అంతే. పన్నుల సంగతి తెలిశాక ఆ వెయ్యి కూడా మిగులుతోంది. 2023 అక్టోబరు 1 నుంచి పందెం పెట్టిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ అని చట్టంలోనే స్పష్టంగా రాశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతం చేశారు. గెలుపు మీద కాదండోయ్, పెట్టిన పందెం మీద! ఆపైన గెలుపు 10 వేలు దాటితే 30 శాతం ఆదాయపు పన్ను పట్టుకునే ఇస్తారు. ఓడిపోయిన పందేల్ని అందులోంచి మినహాయించుకోనివ్వరు. 100కి 80 మిగిలే ఆటకే ఇన్ని తగిలిస్తే ఏ ఫిట్‌నెస్ మార్కు ఆ గోతిని పూడుస్తుంది? మా మూడో గడి పక్కన ఆయన ఇప్పుడు నాలుగోది కూడా గీసుకున్నారు, పన్ను అని.

మొన్న చలికాలం సీజనులో ఒకరోజు మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం దాకా ఉండి, ఒక్క పందెమూ ఆడకుండా తిరిగొచ్చారు. నడకలో ఏ తేడా లేదు. "ఒంట్లో బాగానే ఉందా అండీ?" అన్నాను. "గుర్రాలన్నీ బాగానే ఉన్నాయోయ్, ధరలే బాగాలేవు" అన్నారు. చేతిలో బరువైన సంచీ ఉంది. మలక్‌పేట గంజ్‌లో ఉల్లిపాయలు చవగ్గా ఉన్నాయని ఐదు కిలోలు మోసుకొచ్చారు. అందులో రెండు మాత్రం కుళ్లినవి వచ్చాయి.